చెంబుతో మొదలుపెట్టండి: డిజైన్ చదువులపై సరిహద్దు పాఠకుల ప్రశ్నలు

ఒడిశా వైపు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం నుంచి, మహారాష్ట్ర వైపు సిరొంచ నుంచి డిజైన్ చదువుల గురించి ఉత్తరాలు వచ్చాయి. రాసినవాళ్లందరి పరిస్థితీ ఇంచుమించు ఒకటే. ఇంట్లో తెలుగు, సవర లేదా కోయ, బడిలో ఒడియా లేదా మరాఠీ, పరీక్షలో ఇంగ్లీషు. కొండ పల్లెల పిల్లలు, మాల మాదిగ వాడల పిల్లలు, మగ్గం ఇళ్ల పిల్లలు పెద్ద డిజైన్ సంస్థల్లో అరుదుగానే కనిపిస్తారు. వాళ్లకి చెయ్యి తిరగక కాదు. ఫారం ఎప్పుడు వస్తుందో, ఏ కాగితం కావాలో, పరీక్షలో అసలు ఏం చూస్తారో వేళకి చెప్పేవాళ్లు లేక. ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే కేటాయించాం.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ప్లస్ టూ మొదటి సంవత్సరం, ఆర్ట్స్ గ్రూపు. చిన్నప్పట్నుంచి బొమ్మలు వేస్తున్నాను, చూసినవాళ్లు ఫొటోలా ఉందంటారు. మా కాలేజీలో డ్రాయింగ్ మాస్టారు లేరు. విశాఖ వెళ్లి కోచింగ్ తీసుకునే స్తోమత లేదు. ఆర్ట్స్ వాళ్లకి డిజైన్‌లో సీటిస్తారా? ఇంట్లో ఎలా తయారవ్వాలి?

జవాబు: ఇస్తారు. ఐఐటిల కోసం ఐఐటి బొంబాయి పెట్టే యూసీడ్, ఎన్‌ఐడి (జాతీయ డిజైన్ సంస్థ) వాళ్ల డాట్, నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) ప్రవేశ పరీక్ష, ఈ మూడూ ఏ గ్రూపు వాళ్లైనా రాయొచ్చు. నిఫ్ట్‌లో బి.ఎఫ్.టెక్. అనే దుస్తుల తయారీ సాంకేతిక కోర్సుకి మాత్రం లెక్కలు చదివి ఉండాలి.

ఫొటోలా గీయడం మంచి సాధనే, కాదనం. కానీ అక్కడ అడిగేది వేరు. ఫొటో చూసి గీసేటప్పుడు చదునుగా ఉన్నదాన్నే మళ్లీ చదునుగా దించుతారు. పరీక్షలో ఎదురుగా ఏమీ ఉండదు. బస్సు టాపు మీద కూర్చున్నవాడికి కింద సంత ఎలా కనిపిస్తుందో గీయమంటారు. తలకిందులుగా వేలాడే గబ్బిలానికి వంటిల్లు ఎలా కనిపిస్తుందో గీయమంటారు. వస్తువుని బుర్రలో తిప్పి చూడగలగాలి. దానికి ఇంట్లో ఉన్న చెంబు చాలు.

చెంబుని నేల మీద పెట్టి ఎదురుగా పీట మీద కూర్చోండి. మూతి గుండ్రంగా ఉన్నా మీ కంటికి కోడిగుడ్డులా నలిగి కనిపిస్తుంది. అడుగున ఉన్న గుండ్రం దానికంటే కాస్త ఎక్కువ విచ్చుకుని ఉంటుంది, ఎందుకంటే అది మీ కంటి మట్టానికి ఇంకా కిందుంది. చాలామంది మూతిని సరిగ్గానే వేసి, అడుగుని మాత్రం తిన్నగా ఒక గీత కొట్టేస్తారు. నేల చదును కదా అని బుర్ర చెబుతుంది, చెయ్యి దాని మాటే వింటుంది. ఆ ఒక్క గీతతో చెంబు నేల మీద కూర్చోక గాల్లో వేలాడుతుంది. తర్వాత అదే చెంబుని స్టూలు మీద పెట్టి గీయండి. మూతి సరిగ్గా కంటి మట్టానికి వచ్చేలా అటక అంచున పెట్టి గీయండి, అప్పుడు మూతే తిన్నటి గీత అవుతుంది. ఇంకా పైకెత్తితే అడుగు వంపు పైకి తిరుగుతుంది. ఒకే చెంబు, నాలుగు ఎత్తులు. ఇది పట్టుబడ్డాక బస్టాండులో మనుషుల్ని గీసినా తప్పు పోదు. చదునైన నేల మీద మీరు నిలబడి చూస్తుంటే, మీ అంత ఎత్తున్న వాళ్ల తలలన్నీ, దగ్గరున్నా దూరమున్నా, ఒకే గీత మీదికి వస్తాయి. కాళ్లు మాత్రమే పైకీ కిందికీ జరుగుతాయి. సగం బొమ్మ నిలబడి చూసినట్టూ, సగం కూర్చుని చూసినట్టూ వెయ్యడం దగ్గరే మార్కులు పోతాయి.

చెంబునే ఎందుకు చెబుతున్నామంటే, 1958లో ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వానికిచ్చిన నివేదికలో మంచి డిజైన్‌కి ఉదాహరణగా మెచ్చుకున్నది ఈ చెంబునే. ఆ నివేదిక ప్రేరణతోనే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడి పుట్టింది. కాబట్టి గీశాక ఆగకండి, చెంబు పక్కనే ప్రశ్నలు రాయండి. మెడ ఎందుకు సన్నగా ఉంది? వేళ్లు ఎక్కడ పట్టు దొరకబుచ్చుకుంటాయి? అంచు బయటికి వంగకపోతే నీళ్లు ఎటు కారతాయి? నిండు చెంబు నడుమున పెట్టుకుని గట్టెక్కే మనిషికి బరువు ఎక్కడ పడుతుంది? డిజైన్ పరీక్షలో ఆలోచన అంటే ఈ తరహా ఆలోచనే.

సామాను కొద్దిదే: హెచ్‌బి, 2బి, 4బి, 6బి పెన్సిళ్లు, 24 రంగు పెన్సిళ్లు, ఒక నల్ల జెల్ పెన్ను, స్టీలు స్కేలు, కట్టరు, ఫెవికాల్. జెరాక్స్ షాపులో ఒకవైపు పాడైన కాగితాలు అడిగి తెచ్చుకోండి, రోజువారీ సాధన వాటి మీదే. ఏ3 డ్రాయింగ్ షీట్లు నెలకి 10 చాలు, నెలాఖరున గడియారం పెట్టుకుని పూర్తి పరీక్ష రాసుకోవడానికి. రోజుకి 45 నిమిషాలు కేటాయించండి: మొదటి 10 నిమిషాల్లో ఇంట్లోవాళ్ల చేతులు, ఒక్కో బొమ్మకి 2 నిమిషాలకి మించకుండా, తర్వాత 20 నిమిషాలు ఒక వస్తువు, మిగతాది పాత ప్రశ్న ఒకటి. యూసీడ్ పాత పేపర్లు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కోచింగ్ సంస్థల పుస్తకాలకన్నా ఇవే మేలు.

యూసీడ్‌లో మొదటి భాగం కంప్యూటర్ మీద, 2 గంటలు, 200 మార్కులు. రెండో భాగం కాగితం మీద బొమ్మ, 1 గంట, 100 మార్కులు. మొదటి భాగంలో గట్టెక్కిన వాళ్ల బొమ్మలే దిద్దుతారు. బొమ్మ బాగా వచ్చినవాళ్లు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. పెట్టె విప్పితే ఏ ఆకారం, పళ్ల చక్రం ఇటు తిరిగితే చివరిది ఎటు తిరుగుతుంది, కాగితం మడిచి కత్తిరిస్తే ఎన్ని రంధ్రాలు లాంటి ప్రశ్నలు ఉంటాయి. అగ్గిపెట్టె, సబ్బుపెట్టె నిజంగా విప్పి, మళ్లీ మడిచి చూడండి. నిఫ్ట్‌లో బి.డిజైన్‌కి క్యాట్ అనే సృజన పరీక్షకి 50 శాతం, గ్యాట్ అనే సామాన్య సామర్థ్య పరీక్షకి 30, సిచ్యువేషన్ టెస్ట్‌కి 20 శాతం లెక్క. ఆ చివరిదాంట్లో ఇచ్చిన సామానుతో ఒక నమూనా చేసి, ఎందుకలా చేశారో నాలుగు ముక్కలు రాయాలి. అందంగా చేసి, జిగురు ఆరక కూలబెట్టుకునేవాళ్లే ఎక్కువ. ముందు నిలబడేలా చెయ్యండి, తర్వాత అలంకరించండి.

ప్రశ్న: మేం శ్రీకాకుళం జిల్లా నుంచి రాయగడ వచ్చి స్థిరపడ్డాం. మా నాన్నగారి కులపత్రం ఆంధ్రాది. అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు. ఇక్కడి తహసీల్ ఆఫీసులో మీది మా రాష్ట్రం కాదంటున్నారు. ఎన్‌ఐడి, నిఫ్ట్‌లలో రిజర్వేషన్ వర్తించదా? ఏయే కాగితాలు ఎప్పటికి సిద్ధం చేసుకోవాలి?

జవాబు: చాలా ఇళ్లలో ఇక్కడే ఆశ వదిలేసుకుంటున్నారు, అందుకని వివరంగా చెబుతాం. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రానికొకటి. ఒక రాష్ట్రం నుంచి వలస వచ్చిన కుటుంబానికి వచ్చిన రాష్ట్రంలో రాష్ట్ర రిజర్వేషన్ రాదు. కానీ కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో సొంత రాష్ట్రం హోదా చెల్లుతుంది. ఎన్‌ఐడి, నిఫ్ట్, ఐఐటి అన్నీ కేంద్రానివే. తండ్రి పేరున సొంత రాష్ట్రంలో ఇచ్చిన అసలు పత్రం చూపితే, దాని ఆధారంగా వలస కుటుంబంలోని పిల్లలకి పత్రం ఇచ్చే పద్ధతి ఉంది, దానికి విడిగా ఒక నమూనా ఉంది. తహసీల్ ఆఫీసులో 'కులపత్రం కావాలి' అనకండి, 'వేరే రాష్ట్రం నుంచి వలస వచ్చిన కుటుంబానికి, తండ్రి పత్రం ఆధారంగా ఇచ్చే పత్రం' అని అడగండి. రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. అక్కడ కుదరకపోతే శ్రీకాకుళంలోని సొంత మండలం నుంచే తెచ్చుకోవచ్చు.

ఓబీసీ వాళ్లకి ఇంకో చిక్కుంది. రాష్ట్ర జాబితాలో పేరుంటే చాలదు, కేంద్ర జాబితాలో ఉండాలి. నాన్ క్రీమీలేయర్ పత్రం కేంద్ర నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. పోయిన ఏడాది పత్రం జతచేసి జనరల్‌లోకి మారిపోయే పిల్లలు ఏటా ఉంటారు.

తేదీల సంగతి. మొదటి విడత పరీక్షలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపే జరిగిపోతాయి, ఫారాలు శరదృతువులోనే మొదలవుతాయి. ప్లస్ టూ ఫలితాలొచ్చాక చూద్దామంటే ఆ ఏడాది పోయినట్టే. రెండో ఏడు మొదలవగానే, జూన్ జులైలలో కులపత్రం, ఆదాయపత్రం, నివాసపత్రం దరఖాస్తు చేసి సెప్టెంబరుకి చేతిలో ఉండేలా చూసుకోండి. ఆధార్‌లో, పదో తరగతి మార్కుల జాబితాలో పేరు అక్షరం అక్షరం ఒకటిగా ఉందా చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండటం తెలుగు పిల్లలకి ఒడిశా బడుల్లో మామూలే. అది జూన్‌లో సరిచేయించుకుంటే చిన్న పని, అడ్మిషన్ రోజున బయటపడితే సీటుకే ఎసరు.

యూసీడ్‌కి ఒక నిబంధన మరీ ముఖ్యం. వరుసగా రెండేళ్లలో రెండుసార్లు మాత్రమే రాయనిస్తారు, అదీ ఆ ఏడాది ప్లస్ టూ రాస్తున్నవాళ్లకీ, కిందటేడు రాసినవాళ్లకీ. మధ్యలో ఐటీఐ చదివి నాలుగేళ్ల తర్వాత గుర్తొస్తే ఆ తలుపు మూసేసి ఉంటుంది. అలాంటివాళ్లు నిఫ్ట్ వైపు చూడాలి. అక్కడ వయసు పరిమితి 24, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి ఇంకో 5 ఏళ్లు సడలింపు.

ప్రశ్న: గుణుపురం దగ్గర కొండ పల్లెలో ఉపాధ్యాయుణ్ని. మా బడిలో చదివిన సవర కుర్రాడు ఇంటి గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మలు చాలా చక్కగా వేస్తాడు. పట్నం వ్యాపారి ఒకాయన 20 బొమ్మలు వేయించుకుని టీ షర్టుల మీద, కప్పుల మీద అచ్చు వేసుకుంటానంటున్నాడు. వాడికి డిజైన్ చదవాలని ఉంది. ఈ పని ఒప్పుకోవచ్చా? చదువుకి పనికొస్తుందా?

జవాబు: ముందు బేరం సంగతి, ఎందుకంటే సంతకం పెట్టాక చేసేదేం లేదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం బొమ్మ వేసిన మనిషే దాని హక్కుదారు, హక్కు ఆయన తదనంతరం 60 ఏళ్లుంటుంది. కానీ అదే చట్టం 17వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా డబ్బిచ్చి పురమాయించి బొమ్మ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు డబ్బిచ్చినవాడిదే అవుతుంది. అంటే నోటిమాట మీద 20 బొమ్మలు వేసిచ్చాడంటే, వాటిని ఆ వ్యాపారి ఎన్ని వేల చొక్కాల మీద కొట్టుకున్నా ఈ కుర్రాడు అడగలేడు.

అందుకని ఒక కాగితం రాయించండి. తెలుగులోనో ఒడియాలోనో రాసినా సరే. అందులో ఈ ముక్కలుండాలి: బొమ్మల హక్కు వేసినవాడిదే, ఫలానా బొమ్మలు ఫలానా వస్తువుల మీద, ఇన్ని ప్రతులు, ఇన్నాళ్లు వాడుకోవచ్చు, ప్రతి వస్తువు మీదా వేసినవాడి పేరుండాలి, అసలు బొమ్మలు ఎవరి దగ్గరుంటాయి. హక్కు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కవేస్తుంది, ఎక్కడ వాడుకోవాలో రాయకపోతే దేశమంతా అనుకుంటుంది. కాబట్టి ఖాళీలు వదలొద్దు. వేసిన ప్రతి బొమ్మనీ ఇచ్చేముందు తేదీ కనిపించేలా ఫొటో తీసి దాచుకోమనండి. లాంజియా సవర చిత్రకళకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అది ఆ పేరుని కాపాడుతుంది, పేరు పెట్టకుండా గీతల్ని ఎత్తుకుపోయేవాణ్ని ఆపదు. కాగితం అవసరం అందుకే.

ఇంకో మాట మనసుపెట్టి చెబుతున్నాం. ఇడితాల్ ఇంటి గోడకి ముస్తాబు కాదు. దేవుళ్లకీ, పోయిన పెద్దలకీ చేసే పూజలో భాగం. ఏ బొమ్మ బయటికి ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదన్నది ఆ ఊరి పెద్దల్ని అడగాల్సిన మాట. టీ కప్పు మీదికి పోకూడనిది పోనివ్వొద్దు. పండుగ, పంట, ఏనుగు, చెట్టు, కావడి మోసే మనిషి, వీటితో కుర్రాడు సొంతంగా కూర్చిన బొమ్మలు ఇవ్వడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు, అయినా అడిగే ఇవ్వాలి.

చదువుకి పనికొస్తుందా అంటే, చాలా పనికొస్తుంది, అతను దాన్ని మాటల్లో చెప్పగలిగితే. స్టూడియో పరీక్షలో, ఇంటర్వ్యూలో 'ఇది మా సంప్రదాయం' అని ఊరుకుంటే ఎదుటివాళ్లకి ఏమీ తెలియదు. బొమ్మని దగ్గర్నుంచి చూపించాలి. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో, వెదురుపుల్ల కొసతో వేస్తారు. ముందు చుట్టూ అంచు, అదే ఇల్లు, ఆ తర్వాత అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. మధ్యలో మొదలుపెట్టి బయటికి రారు. చూడగానే మహారాష్ట్ర గిరిజనుల వార్లీ బొమ్మలు గుర్తొస్తాయి గానీ రెండూ ఒకటి కాదు. వార్లీలో ఒళ్లు రెండు ముక్కోణాలు కొనలు కలిసినట్టుంటుంది, సవర బొమ్మలో ఆ కోణాలు అంత పదునుగా ఉండవు, ఆడా మగా తేడా కూడా పెద్దగా చూపరు. అంచు నుంచి లోపలికి వస్తే చోటు ఎలా పంచుకోవాల్సి వస్తుంది? ఒక మనిషి బొమ్మ పెద్దదైతే పక్కవరస ఎలా జరుగుతుంది? ఈ కుర్రాడికి ఇవన్నీ చేతికి తెలుసు. నోటికి తెచ్చుకోవాలి. వారానికొక బొమ్మ వేస్తూ, వేసేటప్పుడే అరగంటకొకసారి ఫొటో తీయించి, పక్కన రెండు వాక్యాలు రాయించండి. 12 వారాల్లో అతని పోర్ట్‌ఫోలియో, అంటే చూపించుకునే పనుల సంపుటి, తయారైపోతుంది. అందంగా పూర్తయిన 20 బొమ్మలకన్నా మధ్యలో మార్చుకున్న గుర్తులున్న 5 బొమ్మలకి ఎక్కువ విలువ ఉంటుంది, చెరిపేయనివ్వకండి.

ప్రశ్న: బరంపురంలో పట్టు నేసే దేవాంగుల ఇల్లు మాది. అమ్మాయి పదో తరగతి. బుటాలు కొత్తకొత్తవి గీస్తుంది గానీ, మగ్గం మీద నేస్తే బొమ్మ సాగిపోతోంది. ఎందుకని? తనని డిప్లమోలో వెయ్యాలా, ప్లస్ టూ చదివించి నిఫ్ట్‌కి పంపాలా?

జవాబు: సాగిపోవడానికి కారణం గీత కాదు, గళ్లకాగితం. మామూలు గ్రాఫు కాగితంలో గడి నిలువూ అడ్డం సమానం. గుడ్డలో అలా ఉండదు. మీ గుడ్డలో అంగుళానికి పడుగు (నిలువు దారాలు) 80 పోగులు, పేక (అడ్డం దారాలు) 60 పోగులు అనుకుందాం. అమ్మాయి 40 గళ్లు అడ్డం, 40 గళ్లు నిలువుగా గుండ్రటి బుటా వేసింది. నేశాక అడ్డం 40ని 80తో భాగిస్తే అర అంగుళం, నిలువు 40ని 60తో భాగిస్తే అంగుళంలో మూడింట రెండు వంతులు. గుండ్రం కాస్తా మామిడికాయ అయింది. అర అంగుళం గుండ్రం రావాలంటే అడ్డం 40, నిలువు 30 గళ్లే వెయ్యాలి. నేసిన గుడ్డ మీద ఒక అంగుళంలో పడుగు, పేక లెక్కపెట్టి, ఆ పాళ్లలోనే గళ్లకాగితం గీసుకోమనండి. కొత్త గుడ్డకల్లా మళ్లీ లెక్కపెట్టాలి, పట్టు మందం మారితే పేక లెక్క మారిపోతుంది. ఇంకోటి, 240 హుక్కుల జాకార్డుకి (బొమ్మ ప్రకారం పడుగు పోగుల్ని ఎత్తే పరికరం) హుక్కుకొక పోగు చొప్పున అయితే బుటా వెడల్పు 240 గళ్లు దాటకూడదు, 80 పోగుల గుడ్డలో అది 3 అంగుళాలు.

ఈ లెక్క తెలిసిన పిల్ల టెక్స్‌టైల్ డిజైన్ తరగతిలో మొదటిరోజే అందరికంటే ముందుంటుంది. బరగడ్‌లోని ఐఐహెచ్‌టి, అంటే చేనేత సాంకేతిక సంస్థ, పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లమో ఇస్తుంది. ఖర్చు తక్కువ, మగ్గం, రంగు, పడుగు లెక్కలు గట్టిగా వస్తాయి. నిఫ్ట్ నాలుగేళ్లు, ఖర్చెక్కువ, మార్కెట్, గీత, కంప్యూటర్ వస్తాయి, పరిచయాలు వస్తాయి. ఇంట్లో ఆదాయం తొందరగా అవసరమైతే డిప్లమో. ఒక మూడేళ్లు ఆగగలిగితే, అమ్మాయికి ఇంగ్లీషు అంటే భయం లేకపోతే, ప్లస్ టూలో వేసి నిఫ్ట్‌కి తయారుచేయండి. మా ఓటు రెండోదానికి, ఎందుకంటే మగ్గం పని తనకి ఇంట్లోనే వచ్చేస్తోంది. ఇంట్లో ఎవరి పేరున అయినా చేనేత గుర్తింపు కార్డు ఉందా చూడండి, లేకపోతే తీసుకోండి. నిఫ్ట్ ప్రవేశ ప్రకటనలో చేతివృత్తులవారికీ, వాళ్ల పిల్లలకీ ఉన్న కేటగిరీ చదవండి. అడిగే కార్డు అదే.

ప్రశ్న: జయపురం. టైలరింగ్ చేస్తాను. ఏడాదికి 2 లక్షల లోపే ఆదాయం. మాల కులం. మా పాప డాట్ పాసయినా లక్షల ఫీజు ఎక్కడ్నుంచి తేవాలి?

జవాబు: అమ్మా, ముందు భయపడకండి, తర్వాత జాగ్రత్తపడండి. రెండూ అవసరమే. ఎన్‌ఐడి, నిఫ్ట్‌లలో ఫీజు సెమిస్టరుకే లక్ష దాటుతుంది, నిజమే. కానీ ఎస్సీ విద్యార్థులకి కేంద్రం ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ అనేది ఉంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, చేరిన సంస్థ వాళ్ల జాబితాలో ఉండాలి. ప్రభుత్వ సంస్థల్లో ట్యూషన్ ఫీజు పూర్తిగా భరిస్తుంది. పుస్తకాలు, కంప్యూటర్, ఖర్చుల కోసం మొదటి ఏడాది 86,000, తర్వాత ఏడాదికి 41,000 ఇస్తుంది. సంస్థకి ఇన్ని అని లెక్క ఉంటుంది, కాబట్టి చేరిన వారంలోనే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వేయాలి. ఎస్టీలకి ఇలాంటిదే ఇంకోటి, ఆదాయం 6 లక్షల లోపు. అందులో రాకపోతే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, 2.5 లక్షల లోపు ఆదాయానికి. అది పాప చదివే రాష్ట్రం కాదు, సొంత రాష్ట్రం ఒడిశా ఇస్తుంది. అమరావతిలో చదివినా దరఖాస్తు ఒడిశా పోర్టల్‌లోనే. ఐఐటిలో వస్తే ఎస్సీ ఎస్టీలకి ట్యూషన్ ఫీజు లేదు, హాస్టలు, మెస్ కట్టుకోవాలి.

చిక్కు ఎక్కడంటే సొమ్ము వచ్చే వేళ దగ్గర. సీటొచ్చాక కొద్దిరోజుల్లో మొదటి సెమిస్టరు ఫీజు కట్టమంటారు. స్కాలర్‌షిప్ నెలల తర్వాత పడుతుంది. ఆ మధ్యకాలానికి వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవద్దు. పీఎం విద్యాలక్ష్మి పథకం కింద కేంద్ర సంస్థల్లో చేరేవాళ్లకి పూచీ, తాకట్టు లేకుండా బ్యాంకు అప్పిస్తుంది. ఆదాయం 8 లక్షల లోపు ఉండి, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ అందుకోని వాళ్లకి 10 లక్షల వరకు అప్పు మీద చదువుకునే కాలానికి వడ్డీలో 3 శాతం రాయితీ కూడా ఉంది. స్కాలర్‌షిప్ వచ్చే పాపకి ఆ రాయితీ రాదు, అయినా మొదటి ఫీజు గండం గట్టెక్కడానికి అప్పు అక్కరకొస్తుంది, స్కాలర్‌షిప్ పడగానే తీర్చేయొచ్చు. సీటు లెటరు రాకముందే, ఏప్రిల్‌లోనే బ్యాంకుకెళ్లి ఏ కాగితాలు కావాలో రాసుకుని రండి. పాప పేరున ఖాతా, దానికి ఆధార్ అనుసంధానం ఇప్పుడే చేయించండి. స్కాలర్‌షిప్ మంజూరై ఖాతాలో పడకుండా ఆగిపోయేది చాలావరకు దీనివల్లే.

ప్రశ్న: సిరొంచ నుంచి. ఇంట్లో తెలుగు, మరాఠీ మీడియం పన్నెండో తరగతి. యూసీడ్ ఇంగ్లీషులోనే ఉంటుందట. మా వాళ్లు గోదావరి అవతల నుంచి వచ్చినవాళ్లు. మాకు వేరే దారులున్నాయా?

జవాబు: యూసీడ్ ఇంగ్లీషే. ఎన్‌ఐడి, నిఫ్ట్ పేపర్లు హిందీలో కూడా ఉంటాయి, మరాఠీ చదివినవాళ్లకి దేవనాగరి లిపి అలవాటే కాబట్టి హిందీ పేపరు కష్టం కాదు. యూసీడ్‌కి మొత్తం ఇంగ్లీషు రానక్కర్లేదు. పాత పేపర్లలో మళ్లీ మళ్లీ వచ్చే 150 మాటలు ఏరుకోండి: రొటేట్, ఫోల్డ్, అన్‌ఫోల్డ్, అడ్జసెంట్, సిమెట్రీ, టెక్స్చర్, ఎలివేషన్, అబ్జర్వర్ లాంటివి. ఒక్కోదానికి తెలుగు అర్థం కాదు, బొమ్మ వేసుకోండి. సెంటరు ఎంచుకునేటప్పుడు నాగపూర్ కన్నా హైదరాబాద్ మీకు దగ్గర. ముందురోజే చేరుకోండి.

రాష్ట్ర దారి కూడా ఉంది. నాగపూర్‌లోని ప్రభుత్వ చిత్రకళా మహావిద్యాలయం, ముంబైలో 1857 నాటి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్, అక్కడే అనువర్తిత కళ (అప్లైడ్ ఆర్ట్) కూడా. నాగపూర్ దానికి రాష్ట్ర సీఈటీ రాయాలి, జేజే ఏ పరీక్ష అడుగుతుందో వాళ్ల ప్రకటనలో చూడండి. చెల్లెళ్లు, తమ్ముళ్లు ఉంటే బడిలో ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు తప్పక రాయించండి, పదో తరగతిలో అదనపు మార్కులు కలుస్తాయి. రాష్ట్ర రిజర్వేషన్‌కి కులపత్రం చాలదు, జాతి పడతాళణి సమితి (కులాన్ని పరిశీలించి తేల్చే కమిటీ) ఇచ్చే వ్యాలిడిటీ పత్రం కావాలి. దానికి పాత తేదీల ముందు ఇక్కడ ఉన్నట్టు ఆధారాలు అడుగుతారు: ఎస్సీకి 1950 ఆగస్టు 10, ఎస్టీకి 1950 సెప్టెంబరు 6, విముక్త జాతులకి 1961 నవంబరు 21, ఓబీసీకి 1967 అక్టోబరు 13. తాతగారి బడి రిజిస్టరు నది అవతల ఉర్దూలో ఉంటే కులానికి ఆధారంగా దాని నకలు, అనువాదం తెచ్చుకోండి గానీ, ఆ తేదీల తర్వాత వచ్చిన కుటుంబమైతే రాష్ట్ర కోటా కుదరదు. రాయగడ ఉత్తరానికి చెప్పిన కేంద్ర దారి మీకూ ఉంటుంది. వెదురు పని మీద ఇష్టముంటే చంద్రపూర్ దగ్గర చిచ్‌పల్లిలోని వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రం ఒకసారి చూసి రండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్ లేకుండా డిజైన్‌కి తయారవ్వొచ్చా? (గుణుపురం)

జవాబు: ప్రవేశ పరీక్షకి అక్కర్లేదు. చేరాక కావాలి, స్కాలర్‌షిప్ సొమ్ము పడ్డాక కొనుక్కోండి, 16 జీబీ ర్యామ్‌కి తగ్గొద్దు. ఈలోగా బడి కంప్యూటర్‌లో ఇంక్‌స్కేప్, క్రిటా ఉచితంగా వేసుకుని నేర్చుకోవచ్చు.

ప్రశ్న: ఇంత చదివి చివరికి బోర్డులు రాసుకోవడమేనా అని మా మామయ్య అంటున్నారు. (పర్లాకిమిడి)

జవాబు: బోర్డు రాయడం చిన్న పని కాదని మామయ్యగారికి చెప్పండి. యాప్‌లు, ప్యాకింగ్, ఆసుపత్రి సామాను, బొమ్మలు, బట్టలు, బస్సు సీట్లు, వీటన్నిటి వెనకా డిజైనర్ ఉంటాడు. కానీ మీ ఊరి పిల్లలకి ఉన్న ఒక ప్రత్యేక బలం గురించి చెప్పాలి. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడు లిపుల బోర్డులు చదువుతూ పెరిగారు. ఫోన్లలో, యాప్‌లలో భారతీయ అక్షరాలు సరిగ్గా కూర్చేవాళ్లు ఇప్పుడు కావాలి. ఇంగ్లీషు వరసకి వరసకి మధ్య వదిలిన ఖాళీనే తెలుగుకీ వదిలితే 'స్త్రీ'లో వత్తులు దిగి కింద వరసలోని గుడికి తగులుతాయి. ఒడియాలో పైన గుండ్రాలు పెద్దవి, అదే ఎత్తులో తెలుగు వేస్తే తెలుగు చిన్నగా కనిపిస్తుంది. బజారులో మూడు లిపుల బోర్డు ఒకటి ఫొటో తీసుకోండి. మూడు వరసల్లో అక్షరాల ఎత్తు స్కేలుతో కొలవండి. మూడూ సమానంగా కనిపించేలా గళ్లకాగితం మీద మళ్లీ గీయండి. గీసింది మాకు పంపితే ఎక్కడ దిద్దాలో రాసి తిప్పి పంపుతాం.